మొదటి పిడికెడు

జీలుగుగుడలో చిట్టెమ్మలు చాలామందే ఉన్నారు గాని, మర చిట్టెమ్మ ఒక్కతే. అనంతగిరి దాటాక ఘాట్ రోడ్డు వదిలి, కాఫీ తోటల్లోంచి మట్టిదారిన పైకెక్కితే ఊరు కంటబడకముందే ఆమె పిండిమర చప్పుడు వినబడేది. వానరోజుల్లో అక్కడ మబ్బు కొండ మీంచి దిగి ఇళ్ళ మీదే కూర్చుంటుంది, పక్కింటి గోడ కూడా కంటికి ఆనదు. అలాంటప్పుడు సంత నుంచి వచ్చేవాళ్ళకు ఆ చప్పుడే దారి చూపేది. చిట్టెమ్మ మాత్రం అదేదో తన గొప్ప కానట్టు, తలకు తువ్వాలు చుట్టుకుని, కనురెప్పల మీద పిండితో, మరలో గింజలు పోస్తూ నిలబడి ఉండేది.

ఆ మర ఆడవాళ్ళ సంఘానిది. చాలా ఏళ్ళ కిందట ఆఫీసు వాళ్ళు జీపులో తెచ్చి దించి, రిబ్బను కత్తిరించి, ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. మీట ఎవరు నొక్కాలన్నది ఎవరూ చెప్పలేదు. కరెంటంటే భయం, తిరిగే బెల్టు చూస్తే భయం, అది చేసే మోతకు మేకలు తాళ్ళు తెంపుకున్నాయి. చిట్టెమ్మకు అప్పటికే మొగుడు పోయాడు. ఇక కొత్తగా పోయేదేముంది అనుకుందో ఏమో, ముందుకొచ్చి మీట నొక్కింది. మరను ఆమె ఇంటి వసారాలోనే బిగించారు. అప్పటినుంచి ఊరి పిండి అంతా ఆమె చేతి మీదుగానే వెళ్ళింది.

ఇంటింటా ఉన్న తిరగళ్ళు ఆ ఏడాదే మూలపడ్డాయి. చిట్టెమ్మ తిరగలిలో పైరాయి కోళ్ళగూటి తలుపుకు ఆనింపు అయింది, కిందిరాయి బట్టలుతికే బండ అయింది. అరచేతులు బొబ్బలెక్కే చాకిరీ వదిలిందని ఆడవాళ్ళు మరకు పసుపు పూసి దండం పెట్టారు. అందులో వెక్కిరించడానికేమీ లేదు. కోడి కూయకముందే లేచి తిరగలి తిప్పినవాళ్ళకే తెలుస్తుంది ఆ దండం ఎందుకో.

మర వచ్చిన కొన్నాళ్ళకే ఊరి ఆడవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఎవరి గింజలు పోసినా, మరలోంచి ముందుగా రాలే పిడికెడు పిండి వాళ్ళది కాదు. అంతకుముందు పట్టించుకున్నవాళ్ళ పిండి ఎంతో కొంత లోపల ఇరుక్కుని ఉంటుంది, అది ఈ పిడికెట్లో కలిసి వస్తుంది. ఇంకొకరి పిండి తీసుకెళ్ళామన్న మాట ఎందుకు పడాలి? అందుకని ఆ మొదటి పిడికెడు చిట్టెమ్మ కుండలోకి పోతుంది. ఆమె చాకిరీకి అదే కూలి. ఆ పిడికెడు పక్కకు తీసేస్తే మిగతాది ఎవరి పిండి వాళ్ళదే, కల్తీ లేనిది. ఈ సంగతి ఊరందరికీ ఎంత నమ్మకమో చిట్టెమ్మకూ అంతే నమ్మకం.

దాంతో ఆమె కుండలో అక్కడివాళ్ళు చోళ్ళనే రాగులు, సామలు, జొన్నలు, బియ్యం, గోధుమలు అన్నీ కలిసిన పిండి ఉండేది. మొదట్లో గోధుమలు అరుదు. తర్వాత షుగరు వచ్చినవాళ్ళు చపాతీలు తినడం మొదలుపెట్టారు, రోడ్డు పక్క టిఫిను బళ్ళు లేచాయి, పర్యాటకుల కోసం కాటేజీలు కట్టారు. చూస్తూండగానే మరలో సగం పని గోధుమలదే అయింది. కొండ మీద పండినదానికన్నా డబ్బిచ్చి కొన్నదానికే బలం ఎక్కువని అందరిలాగే చిట్టెమ్మా అనుకుంది. గోధుమలు ఎక్కువ పడిన రోజున ఆ కుండలోంచి మందంగా రొట్టెలు కాల్చి కూతురికి దగ్గర కూర్చుని తినిపించేది.

కూతురి పేరు కృపావతి. ఊరు సగం చర్చి ప్రార్థనలోకి వెళ్ళిన రోజుల్లో పుట్టింది గనక ఆ పేరు. మంచి పిల్ల, గొంతు బాగుండేది, ఆదివారం పాట అందుకుంటే ముసలివాళ్ళు కూడా కళ్ళు మూసుకునేవారు. కాని తిన్నది ఒంటికి పట్టేది కాదు. పొట్ట మాత్రం ముందుకొచ్చి చేతులు పుల్లల్లా ఉండేవి. తల్లి ఇంకో రొట్టె పెట్టేది. పెళ్ళయింది, ప్రసన్న పుట్టింది, ఆ పిల్ల నడక నేర్చేలోగా ఒంట్లో నెత్తురు లేదన్నారు, ఒక వానాకాలం కృపావతి పోయింది. అల్లుడు ఇంకో పెళ్ళి చేసుకుని కొండ అవతల ఒడిశాలో ఉండిపోయాడు. అతన్ని తిట్టే ఓపిక కూడా చిట్టెమ్మకు లేకపోయింది, మనవరాలిని చంకనేసుకుని మర దగ్గరికొచ్చి నిలబడింది.

ప్రసన్న కూడా తల్లిలాగే తయారైంది. ఆశ్రమ పాఠశాలలో వేస్తే కడుపునొప్పని ఇంటికి పంపేశారు. నీళ్ళ విరోచనాలు, నోట్లో పుళ్ళు, తలలో పిడికెడు జుట్టు. తొమ్మిదేళ్ళ పిల్ల ఆరేళ్ళ పిల్లలా కనబడేది. ఊళ్ళో ముహూర్తాలు పెట్టే దిసారి తిథి వారం చూసి కోడిని కోయమన్నాడు, కోశారు. చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు, చిట్టెమ్మ మోకాళ్ళ మీద ఏడ్చింది. చివరికి అరకు ఆసుపత్రి వాళ్ళు విశాఖపట్నం పెద్దాసుపత్రికి రాసిచ్చారు.

అక్కడ పిల్లలను చూసే డాక్టరు అనురాధ చాలా పరీక్షలు చేయించి, చిట్టెమ్మను కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది. గోధుమలో ఒక జిగురు ఉంటుంది, అది ఈ పిల్ల పేగులకు పడదు, ఎప్పటికీ పడదు. గోధుమపిండి, మైదా, రవ్వ, సేమ్యా, బిస్కెట్టు, బన్ను, ఏదీ నోట పెట్టకూడదు. చోళ్ళు, సామలు, కొర్రలు, అన్నం, పళ్ళు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మళ్ళీ వచ్చేసరికి పిల్ల బరువు పెరగాలి. పెరగకపోతే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది, ప్రాణానికే చేటు కావచ్చు. ఆ మాట చిట్టెమ్మకు ఒళ్ళంతా తెలిసింది. కూతురి విషయంలో ఒకసారి చూసిందే కదా.

అప్పుడు డాక్టరు రెండు ప్రశ్నలు అడిగింది. మీరేం పని చేస్తారని ఒకటి. ఇంట్లో ఇంకెవరికైనా, పిల్ల తల్లికో తండ్రికో, ఇలా ఉండేదా అని ఇంకొకటి.

ఇక్కడ కొండవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. చేతిలో కలం పట్టుకున్న మనిషి ఎవరొచ్చి ఏం పని చేస్తావని అడిగినా, వాళ్ళ నోట వచ్చే మాట ఒక్కటే, పోడు, అంటే కొండవాలు సేద్యం. తేనె పట్టేవాడూ పోడే, ఆటో నడిపేవాడూ పోడే. ఇంకో పని ఉందని చెబితే కార్డు పోతుందో, పింఛను పోతుందో, పట్టా ఆగుతుందో ఎవరికి తెలుసు? అది అబద్ధం అని వాళ్ళకు తోచనే తోచదు. మళ్ళున్నాయి, దున్నుతున్నారు, ఇంకేం కావాలి?

"పోడు సేత్తామమ్మా. కాసిని కాఫీ మొక్కలున్నాయి," అంది చిట్టెమ్మ.

రెండో ప్రశ్నకు ఎవరికీ లేదంది. చచ్చిపోయిన పిల్లను తెచ్చి ఆసుపత్రి బల్ల మీద పెట్టడానికి మనసొప్పలేదు. పైగా తల్లి కూడా ఇలాగే పోయిందంటే, ఇది కూడా పోతుందని డాక్టరు నోట వినాల్సి వస్తుందేమోనని భయం. డాక్టరు ఆ రెండు జవాబులూ రాసుకుని తలూపింది. మర ఊసు తెలిస్తే ఆమె ఏం చెప్పి ఉండేదో గాని, తెలియని సంగతికి ఎవరు మాత్రం మందు రాస్తారు?

ఊరికి వచ్చిన రోజే చిట్టెమ్మ కలగలుపు పిండి కుండ నూకరత్నం ఇంటికి పంపేసింది. నూకరత్నం పక్కింటి మనిషి, వరసకు మరదలు, సంఘంలో తోడు. మొదటి పిడికెడు ఇక నువ్వే తీసుకోమంది. ఇంట్లో గోధుమన్నది లేకుండా చేసింది. అంబలి, సామన్నం, కందిపప్పు, చిలగడదుంపలు. పిల్ల నోరెత్తకుండా తినేది. ఒక్క చోట మాత్రం ఆగలేకపోయింది. అరకు సంతకు తీసుకెళ్ళినప్పుడు బేకరీ అద్దం దగ్గర నిలబడి, లోపలున్న కేకుల వైపు చూస్తూ నిశ్శబ్దంగా ఏడ్చింది. అడిగి ఏడిస్తే చిట్టెమ్మ కసిరి లాక్కుపోయేది. అడగకుండా ఏడ్చేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

కాటేజీల్లో వంట చేసే ఫల్గుణ ఆ ఊరివాడే. పర్యాటకులకు అరటిపండు కేకు చేస్తాడని పేరు. చిట్టెమ్మ వెళ్ళి అడిగితే, మైదా లేకుండా కేకు నిలబడదు అత్తా, ఇసుకలా రాలిపోతుందని ముందే చెప్పాడు. అయినా చేసే పద్ధతి చెప్పి, సోడా పొడి కొంచెం కాగితంలో కట్టి ఇచ్చాడు.

అతను చెప్పినట్టే మొదటిసారి రాలిపోయింది. రెండోసారి అడుగు మాడింది. మూడోసారికి చిట్టెమ్మ తన దారిన తాను ఆలోచించింది. చోడిపిండి ఒక్కటే అయితే బరువు, సామపిండి ఒక్కటే అయితే పొడి, రెండూ సగం సగం కలిపింది. తోలు పూర్తిగా నల్లబడిన అరటిపళ్ళు ఎక్కువ వేస్తే అదే తీపి, బెల్లం నామమాత్రం చాలు. నాటుకోడి గుడ్లు గిలక్కొట్టి పోసింది, వలిసె నూనె వేసింది, చిటికెడు సోడా, చిటికెడు ఉప్పు. కలిపిన వెంటనే పొయ్యెక్కించకుండా పిండి నానేదాకా ఊరుకుంది. పెద్ద సిల్వరు డేగిశాలో గెడ్డవాగు ఇసుక పోసి కాల్చి, రేకు గిన్నెకు లోపల అడ్డాకులు పరిచి, అందులో పిండి పోసి ఇసుక మీద పెట్టింది. మూత మీద నిప్పులు పోసింది. ఆకు వాసన, అరటిపండు వాసన కలిసి వసారా దాకా వచ్చాయి. వెదురు పుల్ల గుచ్చి తీస్తే పొడిగా వచ్చింది. ఆవురావురుమని కోయకుండా పూర్తిగా చల్లారనిస్తే, కత్తికి నిలబడే అరటి రొట్టె తయారైంది.

ప్రసన్న మొదటి ముక్క రెండు చేతులతో పట్టుకుని తిన్నది. ఆ వేళ అది నవ్విన నవ్వు చూసి చిట్టెమ్మ మొహం పక్కకు తిప్పుకుంది, కళ్ళు తుడుచుకోవడానికి. అప్పటినుంచి ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక అరటి రొట్టె. వారమంతా పిల్ల దానికోసం చూసేది, చిట్టెమ్మ కూడా.

కాని పిల్ల కోలుకోలేదు. గోధుమ మానేసిన కొత్తలో కొంచెం తేరుకున్నట్టు కనబడింది, తర్వాత అక్కడే ఆగిపోయింది. సోమవారం వస్తే చాలు, పొట్ట పట్టుకుని చాప మీద ముడుచుకుపోయేది. అరటిపండు అరగడం లేదేమోనని చిట్టెమ్మ ఒకసారి పళ్ళు తగ్గించింది. సోడా పడలేదేమోనని ఒకసారి సోడా మానేసింది. గుడ్లు మానేసింది. ఎవరి కళ్ళు పడుతున్నాయోనని తలుపు మూసి తినిపించింది. పిండి సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. ఆ చోళ్ళు తన మళ్ళో పండినవి, తన చేత్తో చెరిగినవి, తన మరలో తానే పట్టినవి. మొదటి పిడికెడు ఎప్పుడూ పక్కకు తీసే పట్టింది. అంతకంటే శుభ్రం ఏముంటుంది?

ఆ ఏడు తుపాను కొండల మీదికి వచ్చింది. ఘాట్లో కొండచరియలు విరిగాయి, చెట్లు తీగల మీద పడ్డాయి, ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. బాగుచేసేవాళ్ళు పైకి రావడానికి నెలకు పైగా పట్టింది. మర నోరు మూసుకుంది. ఊరంతా మళ్ళీ పాత రాళ్ళు వెతుక్కుంది. చిట్టెమ్మ కోళ్ళగూటి దగ్గరి పైరాయి తెచ్చింది, బట్టలుతికే బండ పెకలించి కడిగింది. అరిగిపోయిన తిరగలికి కొత్తగా గంట్లు కొట్టించి, కొయ్యపిడి దిగ్గొట్టింది. ప్రసన్న ఎదురుగా కూర్చుని పిడికెడు పిడికెడు చోళ్ళు పోస్తుంటే, అమ్మమ్మ విసిరేది.

ఆ నెల్లాళ్ళలో పిల్ల మారింది. ముందు విరోచనాలు కట్టాయి. తర్వాత ఆకలి వేయడం మొదలైంది. ఇంకా పెట్టమని అడగడం ఆ ఇంట్లో ఎన్నడూ లేని ముచ్చట. ఆదివారం రొట్టె తిన్నది, సోమవారం లేచి మేకల వెంట పరుగెత్తింది. తుపానుకు ఊళ్ళో సగం కప్పులు లేచిపోయి అందరూ దిగులుగా ఉంటే, చిట్టెమ్మ ఒక్కతే లోలోపల దేవుడికి దండాలు పెట్టుకుంది. మందు పనిచేసింది అనుకుంది, ప్రార్థన పనిచేసింది అనుకుంది. తుపాను చల్లగాలికి ఆరోగ్యం వచ్చిందేమోనని కూడా అనుకుంది పాపం.

కరెంటు వచ్చిన రోజు ఊరికి పండగే. ఆడవాళ్ళు మరకు పసుపు పూశారు. తడిసి ముక్కిపోతున్న గింజలతో బారులు తీరారు, చిట్టెమ్మకు పొద్దంతా నిలబడే పని. తన చోళ్ళు కూడా పట్టుకుంది. ఆదివారం రొట్టె చేసింది. సోమవారం పొద్దున ప్రసన్న లేవలేదు. మోకాళ్ళు కడుపులోకి పెట్టుకుని, మొహం గోడకు తిప్పుకుని పడుకుంది. చిట్టెమ్మ పక్కన కూర్చుని ఏటయిందే గుంటా అంటే, పిల్ల ఒకే మాట అంది.

"తిరగలి రొట్టి మంచిది అమ్మమ్మా. ఇది వద్దు."

పిల్ల ఏదో రుచి గురించి చెప్పిందనుకుంది చిట్టెమ్మ. వసారాలోకి వచ్చింది. అప్పటికే ఎవరో చోళ్ళు పెట్టి వెళ్ళారు, దానికి ముందు రోజు చివరగా పట్టింది కాటేజీల గోధుమలు. అలవాటుగా మీట నొక్కి, చోళ్ళు పోసి, మొదటి పిడికెడు పక్కకు తీసింది. తెల్లటి పిండి. ఇంకో పిడికెడు పట్టి చూసింది. ఇటుకరంగు చోడిపిండిలో తెల్లటి చారలు. ఇంకొకటి పట్టింది. చారలు సన్నబడ్డాయి గాని పోలేదు. పిడికిలి తర్వాత పిడికిలి వెలుతురు వైపు పట్టి చూస్తూనే ఉంది. మర ఆపి మూత తీసింది. లోపల గోడలకు, రాతి సందుల్లో, గొట్టం మలుపులో తెల్లటి పిండి అట్టకట్టి ఉంది. తలెత్తితే వసారా దూలాల మీద, పిల్ల ఆరేసుకున్న గౌను మీద, తన ముంజేతుల వెంట్రుకల మీద, అంతా అదే.

ఇన్నేళ్ళూ ఆ చారలు ఆమె చూడనివి కావు. పిండి కలుస్తుందని తెలిసే కదా ఆ కట్టుబాటు పెట్టుకున్నారు. ఒక్క పిడికెడు పక్కన పెడితే కలవడం ఆగిపోతుందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు, అందరూ నమ్మారు. కొలతలో తేడా రాకుండా పెట్టుకున్న కట్టుబాటు అది, పిల్ల పేగుల కోసం పెట్టుకున్నది కాదు. ప్రేమగా చేసిన ప్రతి రొట్టెలోనూ తనే ఆ విషం కలిపి పెట్టింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని మనసు అక్కడ ఆగలేదు. ఆ మొదటి పిడికెళ్ళన్నీ పోగుచేసిన కుండ గుర్తొచ్చింది. ఆ కుండలోంచి కాల్చిన మందపు రొట్టెలు గుర్తొచ్చాయి. చాలమ్మా అని చెయ్యి అడ్డం పెట్టిన కృపావతి గుర్తొచ్చింది. బలం వస్తుందే, ఇంకొక్కటి తిను అని ఆ చెయ్యి తీసేసి పెట్టింది తనే. చిట్టెమ్మ మర పక్కన నేల మీద కూలబడింది. ఎంతసేపటికీ ఏడుపు రాలేదు.

ఆ వారంలోనే ఆడవాళ్ళ సంఘం కూర్చుంది. చిట్టెమ్మ మర వదిలేస్తున్నానంటే ఎవరూ ఒప్పుకోలేదు. నీ పిల్లకు తిరగలి పిండి పెట్టుకో, మర నువ్వే నడుపు అన్నారు. అందులో న్యాయం లేకపోలేదు. కాని వసారా ఆమెదే, ఇంట్లోకి దారి వసారాలోంచే, ఆ పిండి గాలిలో ఎగిరి కుండల్లో పడుతుంది, ఆమె చేతులతో పిల్ల మొహం తుడుస్తుంది. మర వాళ్ళింట్లో ఉన్నంతకాలం గోధుమ ఆ ఇంట్లో ఉన్నట్టే. అది చెప్పేసరికి అందరూ ఒప్పుకున్నారు. నూకరత్నం తన పాక ఇస్తానంది. నలుగురు మగవాళ్ళు వచ్చి మరను విప్పి, కర్రలకు కట్టి మోసుకెళ్ళారు. వాళ్ళు గుమ్మం దాటుతుంటే చిట్టెమ్మ బెల్టు మీద చెయ్యి వేసి కొంతదూరం వెంట నడిచి, మధ్యలో ఆగిపోయింది. ఆమెకు ఊళ్ళో ఒక పేరంటూ ఉన్నది దానివల్లనే.

ఇంటికొచ్చి వసారా గోడలు గోకింది, సున్నం వేసింది, దూలాలు తుడిచింది. మర దగ్గర కట్టిన చీరలన్నీ గెడ్డలో ఉతికి నూకరత్నానికే ఇచ్చేసింది. నల్లగా నిగనిగలాడే కొత్త కుండలు సంతలో కొంది. చేతికి పనిలేక కొన్నాళ్ళు పిచ్చెక్కినట్టు తిరిగి, తర్వాత కాఫీ పళ్ళు ఏరడానికి కూలికి వెళ్ళింది. అక్కడ ఎవరో అలవాటుగా మర చిట్టెమ్మా అని పిలిస్తే పలికి, కాసేపు పళ్ళు ఏరడం ఆపేసి నిలబడింది.

చలికాలం చివర్లో పిల్లను తీసుకుని రైల్లో విశాఖపట్నం దిగింది. తోవలో తినడానికి అడ్డాకులో చుట్టిన అరటి రొట్టె తెచ్చింది. బొర్రా దగ్గర బండి సొరంగాల్లోకి దూరుతుంటే ప్రసన్న కిటికీ దగ్గర చేరి కేకలు వేసింది, చీకట్లోనే రొట్టె తిన్నది. దాని బుగ్గలు కొంచెం నిండాయి. కళ్ళ కింద నలుపు పోయింది.

డాక్టరు అనురాధ పిల్లను బరువు తూచి, మళ్ళీ ఒకసారి తూచి సంతోషపడింది. ఏం పెట్టారని అడిగితే ప్రసన్న రొట్టె పొట్లం విప్పి చూపించింది. ఆమె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని బాగుందంది, ఎలా చేశారంది. చిట్టెమ్మ పిల్లను నీళ్ళు తాగి రమ్మని బయటికి పంపింది. అది వెళ్ళాక కుర్చీ అంచున కూర్చుని, చీర కొంగు చేతికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది.

"అప్పుడు మీరు రెండు మాటలు అడిగినారమ్మా. రెండూ తప్పు సెప్పినాను. పోడొకటే కాదు, నాను పిండిమర ఆడించీదాన్ని. గోదుములు పట్టిన మరలోనే దీని సోళ్ళు పట్టినాను. ఆ పిండితోనే రొట్టి సేసి దీని నోట్లో ఎట్టినాను."

డాక్టరు చేతిలో కలం కింద పెట్టింది. ఇప్పుడు ఆ మర ఎక్కడుందని అడిగింది. వదిలేశాను, తిరగలి విసురుతున్నానంది చిట్టెమ్మ. అరచేతుల్లో కాయలు కాచి ఉన్నాయి, ఆమె చూపించలేదు గాని డాక్టరు చూసింది.

"రెండోది, ఇంట్లో ఎవులికైనా ఉండీదా అన్నారు. ఉండీది. దీని తల్లికి. నా కూతురు కృపావతి. అచ్చం ఇలాగే ఎండిపోయి పోయినాది. అదీ ఇదే రోగమా అమ్మా?"

పరీక్ష చెయ్యని మనిషి గురించి కచ్చితంగా చెప్పలేనంది డాక్టరు. తర్వాత, కావచ్చునమ్మా అంది. ఇది వంశంలో నెత్తురుతో వచ్చే జబ్బు, మీకు తెలియదు కదా, తెలియనిదానికి మీ తప్పేముంది అని కూడా అంది. మంచి మనిషి గనక ఆ మాట అంది, అందులో అబద్ధం కూడా లేదు.

"తెలీదు," అంది చిట్టెమ్మ. "తెలీకే ఎట్టినాను. ఎట్టిన సెయ్యి మాత్రం నాదే కదమ్మా."

డాక్టరు కాగితం మీద పాత జవాబులు కొట్టేసి కొత్తవి రాసింది. తల్లి అన్నచోట కృపావతి పేరు అడిగి రాసుకుంది. అప్పుడు వచ్చింది చిట్టెమ్మకు ఏడుపు. మర దగ్గర రానిది, ఇన్నాళ్ళూ రానిది, ఆ పేరు కాగితం మీద పడుతుంటే వచ్చింది. డాక్టరు లేచి తలుపు దగ్గరగా వేసి, ఆమె పక్కన కూర్చుంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే తిరగలి ముందు కూర్చున్నారు ఇద్దరూ. ప్రసన్న చోళ్ళు పోసింది, అమ్మమ్మ విసిరింది. రాళ్ళ అంచున మొదటి పిండి రాలగానే పిల్ల దాన్ని చేటలోకి తుడవబోయింది. చిట్టెమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, పిండి పిడికిట్లోకి తీసుకుని, పక్కనే ఉన్న చిన్న కొత్త కుండలో వేసి మూత పెట్టింది. తిరగలిలో గోధుమ లేదు, ఇంకొకరి గింజ లేదు, పక్కన పెట్టాల్సిన పనే లేదు. ఇందులో ఎవరిదీ కలవలేదు కదా అమ్మమ్మా, ఎవరికోసం తీస్తున్నావని పిల్ల అడిగింది.

"మీ అమ్మకి," అంది చిట్టెమ్మ. "ఇన్నాళ్ళకి మంచిది ఎడతన్నాను."

అని పిడి పట్టుకుని మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.